అద్దం పట్టిన ఎండలో వేడి ఎంత?

తిరుమల కొండ మీద భక్తుల భోజనాలకు కావలసిన ఆవిరిని ఎండతో పుట్టించే ఏర్పాటు 2002లో మొదలైంది. మొత్తం 106 డిష్‌లు, ఒక్కో డిష్‌కు 9.2 చదరపు మీటర్ల అద్దాలు. సూర్యుడు కదిలే కొద్దీ అవీ తిరుగుతాయి. రోజుకు 4,000 కిలోల పైచిలుకు ఆవిరి, అదీ 180 డిగ్రీల సెల్సియస్ వేడితో, సుమారు 15,000 మందికి వంట అన్నది ఆనాటి నుంచి చెప్పుకుంటున్న లెక్క. మన ప్రాంతంలో జరిగిన మంచి పనుల్లో దీన్ని తప్పకుండా చెప్పుకోవాలి. అలాంటి పనిని మెచ్చుకోవడంతో ఊరుకోకుండా ఒక ప్రశ్న కూడా అడగాలి. ఈ 4,000 కిలోలు ఏ రోజు లెక్క? ఎంత ఎండ కాసిన రోజు? ఏ వేడిలో నీళ్లు లోపలికి పంపితే వచ్చిన ఆవిరి?

ఈ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు రాబట్టే పనినే ఇంజినీర్లు కలెక్టర్ పరీక్ష అంటారు. కలెక్టర్ అంటే ఇక్కడ ఎండను పట్టి వేడిగా మార్చే పరికరం. అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చే పరికరాలకు ఈ పరీక్ష ఎలా చేస్తారో, అందులో ఎక్కడెక్కడ పొరపాటు దొర్లుతుందో తెలిస్తే, హోటలుకో హాస్టలుకో పాల కేంద్రానికో డిష్ కొనాలనుకునేవాళ్లు కంపెనీ కాగితాన్ని తమంతట తామే చదువుకోగలరు.

ముందు తిరుమల అంకెనే కాగితం మీద పెట్టి చూద్దాం. 30 డిగ్రీల నీటిని 180 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి కిలోకు సుమారు 2,650 కిలోజౌళ్లు కావాలి. కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్‌కు కాస్త తక్కువ. 4,000 కిలోలకు 2,950 యూనిట్లు అవుతాయి. అద్దాల మొత్తం వైశాల్యం 975 చదరపు మీటర్లు. అంటే ఒక్కో చదరపు మీటరు అద్దం రోజుకు మూడు యూనిట్ల వేడిని ఆవిరిలోకి చేర్చాలి. ఇది సులువుగానే కనిపిస్తుంది. కానీ ఇక్కడే మొదటి మెలిక ఉంది.

తిరుమలలో పెట్టినవి ఆస్ట్రియాకు చెందిన వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ రూపొందించిన రకం డిష్‌లు. షెఫ్లర్ డిష్ నిండు గిన్నె ఆకారంలో ఉండదు. పెద్ద పరావలయపు గిన్నెలో ఒక పక్క నుంచి కోసి తీసిన ముక్కలా ఉంటుంది. వెలుతురు వచ్చిపడే చోటు, అంటే నాభి, కదలకుండా నేల మీదే ఉంటుంది కాబట్టి వంటశాలకు ఇది చాలా వీలు. అయితే ఆ ముక్క సూర్యుడికి ఎప్పుడూ కాస్త ఏటవాలుగానే నిలబడుతుంది. కాబట్టి అద్దం ఎన్ని చదరపు మీటర్లున్నా, నిజంగా ఎండను పట్టే వైశాల్యం అంతకంటే తక్కువ. విషువత్తుల్లో, అంటే పగలు రాత్రి సమానంగా ఉండే మార్చి, సెప్టెంబర్ రోజుల్లో, అది అద్దం వైశాల్యంలో 73 శాతం. ఋతువు మారితే ఈ శాతం కూడా మారుతుంది. 16 చదరపు మీటర్ల డిష్ అని అమ్మే పరికరం సంవత్సరంలో ఒక కొసన 9 చదరపు మీటర్ల ఎండనూ, మరో కొసన 13.5 చదరపు మీటర్ల ఎండనూ పట్టుకుంటుంది. ఏ వైశాల్యంతో భాగించారో చెప్పకుండా దక్షత (పడిన ఎండలో పనికొచ్చే వేడిగా మారిన వాటా) ఇంత శాతం అంటే ఆ శాతానికి అర్థం లేదు.

ఆ 73 శాతాన్ని తిరుమల లెక్కకు పెడితే, ఎండ పట్టే ప్రతి చదరపు మీటరూ నాలుగు యూనిట్లకు పైగా ఆవిరిలోకి పంపాలి. ఆకాశం తేటగా ఉన్న రోజున సూటిగా వచ్చే ఎండ చదరపు మీటరుకు ఐదున్నర, ఆరు యూనిట్లు ఉందనుకుందాం. అందులో 70 శాతం పైగా ఆవిరిగా మారితేనే ఆ లెక్క కుదురుతుంది. వంటశాల నుంచి వేడిగా తిరిగొచ్చే నీటినే మళ్లీ వాడుకుంటే పని కొంత తేలికవుతుంది. నేను దీన్ని చదివే తీరు ఇదీ: 4,000 కిలోలన్నది అద్దాలు శుభ్రంగా ఉండి, మబ్బు పట్టని రోజున అందుకోగల గరిష్ఠ స్థాయి. సంవత్సరం మొత్తానికి రోజువారీ సగటు అనుకోకూడదు. డిష్‌లను బాయిలర్లతో కలిపి నడపడం అందుకే.

సూటి ఎండ, చెదిరిన ఎండ

పరీక్షలో అన్నిటికంటే ముందు కొలవాల్సింది ఎండను. ఇది మామూలు ఎండ కొలత కాదు. ఆకాశం నుంచి మనకు రెండు రకాల వెలుతురు వస్తుంది. సూర్యబింబం నుంచి గీత గీసినట్టు సూటిగా వచ్చేది ఒకటి. గాలిలోని దుమ్ము, తేమ, పొగ, పల్చని మబ్బు తగిలి చెదిరి అన్ని వైపుల నుంచీ వచ్చేది రెండోది. ఇంటి కప్పు మీది సోలార్ పలకకు రెండూ పనికొస్తాయి. అద్దాల డిష్‌కు మాత్రం మొదటిదే కావాలి. మబ్బు కమ్మిన మధ్యాహ్నం భూతద్దం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డా కాగితం అంటుకోదు, ఇదీ అంతే. మే నెలలో బెజవాడలో ఒళ్లు కాలిపోతున్నా, ఆకాశం నీలంగా కాక తెల్లగా మసకబారి ఉంటే డిష్ చల్లబడి కూర్చుంటుంది. మన ఒంటికి తెలిసే వేడి వేరు, డిష్‌కు అందే ఎండ వేరు.

సూటి ఎండను పైర్‌హీలియోమీటర్‌తో కొలుస్తారు. చిన్న గొట్టం, అడుగున వేడిని పసిగట్టే పలక. ఆ గొట్టం ఆకాశంలో ఐదు డిగ్రీల మేర మాత్రమే చూస్తుంది. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీయే. కాబట్టి గొట్టం కొలిచే దాంట్లో బింబం చుట్టూ ఉండే తెల్లని వెలుగు కూడా కొంత కలుస్తుంది. గట్టిగా కేంద్రీకరించే డిష్‌కు ఆ వెలుగు దాదాపు పనికిరాదు. దుమ్ము రోజుల్లో పరికరం ఎండ ఎక్కువగా చూపించి, డిష్ దక్షత తగ్గినట్టు కనిపించడానికి ఇది ఒక కారణం. ఈ పరికరాలన్నీ ఒకే కొలమానానికి కట్టుబడి ఉండేలా చూసే బాధ్యత స్విట్జర్లాండ్‌లోని దావోస్ ప్రపంచ వికిరణ కేంద్రానిది. ఐదేళ్లకోసారి దేశదేశాల పరికరాలను అక్కడికి తెచ్చి, ఒకే ఎండలో పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. ఎక్కడో ఒక చిన్న పరీక్షశాల ఇచ్చే ధ్రువపత్రం వెనక ఇంత పెద్ద గొలుసు ఉంటుంది.

అమెరికాకు చెందిన ఏఎస్‌టీఎం సంస్థ 1980లలోనే తెచ్చిన ఈ905 పద్ధతి, సూర్యుణ్ని వెంబడించే కేంద్రీకరణ కలెక్టర్లకే ప్రత్యేకం. సూటి ఎండ చదరపు మీటరుకు 630 వాట్లకు తగ్గితే ఆ పద్ధతిలో పరీక్ష చెల్లదు. ఎండ ఊగిసలాడకూడదు, లోపలికి వెళ్లే ద్రవం వేడి నిలకడగా ఉండాలి, ప్రవాహం మారకూడదు. అందుకే పరీక్ష చేసేవాళ్ల సమయంలో ఎక్కువ భాగం కొలవడానికి కాదు, ఎదురు చూడటానికే పోతుంది. ఒక మబ్బుతునక బింబం మీదుగా పోతే గొట్టంలో ఉన్న వేడి మళ్లీ కుదుటపడేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి.

ఒక పరీక్ష, దగ్గరగా

ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఉదహరించేది 1994లో అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాల ప్రచురించిన పరీక్ష. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో లూజ్ అనే కంపెనీ 1984 నుంచి 1990 వరకు తొమ్మిది సోలార్ విద్యుత్ కేంద్రాలు కట్టింది. మొత్తం 354 మెగావాట్లు. వాటిలో వాడిన ఎల్ఎస్-2 అనే ట్రఫ్ కలెక్టర్‌ను శాండియావాళ్లు అల్బుకర్కీలో ఒక ముక్క నిలబెట్టి పరీక్షించారు. ట్రఫ్ అంటే పొడవాటి కాలవలా వంచిన అద్దం. మధ్యలో నాభి వెంట ఒక ఉక్కు గొట్టం, దాని చుట్టూ గాజు గొట్టం, రెంటి నడుమ గాలి తీసేసిన ఖాళీ. పరీక్షించిన ముక్క వెడల్పు 5 మీటర్లు, పొడవు 7.8 మీటర్లు. ఉక్కు గొట్టం అడ్డుకొలత 7 సెంటీమీటర్లు. లోపల ప్రవహించేది సిలికోన్ నూనె.

ఒక కొలత చూద్దాం. సూటి ఎండ చదరపు మీటరుకు 934 వాట్లు. గాలి వేడి 21 డిగ్రీలు. నూనె 102.2 డిగ్రీల వద్ద లోపలికి వెళ్లి, నిమిషానికి 47.7 లీటర్ల చొప్పున పారి, 124 డిగ్రీల వద్ద బయటికొచ్చింది. అద్దం మీద పడిన ఎండ సుమారు 36,600 వాట్లు. నూనె ఎత్తుకెళ్లిన వేడి ఎంత? ప్రవాహాన్ని నూనె విశిష్టోష్ణంతోనూ, పెరిగిన 21.8 డిగ్రీలతోనూ గుణిస్తే 26,500 వాట్లకు దగ్గరగా వస్తుంది. దక్షత 72.5 శాతం. పరీక్ష సారాంశం అంతా ఈ ఒక్క భాగహారమే.

అయితే ఆ భాగహారం లోపల ఎంత జాగ్రత్త దాగి ఉందో గమనించాలి. 21.8 డిగ్రీల తేడా కొలిచేటప్పుడు రెండు థర్మామీటర్లలో ఒకటి 0.2 డిగ్రీ తప్పు చెబితే చాలు, దక్షతలో దాదాపు ఒక శాతం తప్పు వచ్చేస్తుంది. నూనె వేడెక్కే కొద్దీ దాని సాంద్రత, విశిష్టోష్ణం రెండూ మారతాయి. లీటర్లలో కొలిచిన ప్రవాహాన్ని ఏ వేడి దగ్గరి సాంద్రతతో కిలోలుగా మార్చారన్నది కూడా తేడా తెస్తుంది. గొట్టం గోడ పక్కన పారే నూనె వేడిగా, నడుమ పారేది చల్లగా ఉంటే థర్మామీటర్ ఏదో ఒకదాన్నే చూస్తుంది. అందుకే కొలిచే చోటికి ముందు నూనెను బాగా కలిపే ఏర్పాటు పెడతారు. మన చిన్న పరిశ్రమల్లో జరిగే చాలా పరీక్షలు ఈ రెండు మూడు చోట్లే దెబ్బతింటాయని నాకనిపిస్తుంది. అద్దాల నాణ్యత మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు థర్మామీటర్ల మీద పెట్టరు.

ఇప్పుడు అదే కలెక్టర్, అదే పరీక్షలో ఇంకో కొలత. ఎండ 921 వాట్లు, గాలి వేడి దాదాపు 30 డిగ్రీలు. ఈసారి నూనె 379.5 డిగ్రీల వద్ద లోపలికి వెళ్లి 398 వద్ద బయటికొచ్చింది. దక్షత 62.3 శాతం. అద్దం మారలేదు, గొట్టం మారలేదు, ఎండ కూడా దాదాపు అంతే. వేడి పెరిగిన కొద్దీ గొట్టం నుంచి బయటికి కారిపోయే వేడీ పెరిగింది, అంతే తేడా.

ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. కలెక్టర్‌కు దక్షత ఒక అంకెగా ఉండదు. వాలుతూ పోయే గీతగా ఉంటుంది. అడ్డంగా వేడి, నిలువుగా దక్షత వేసి గీస్తే గీత ఎక్కడ మొదలైంది, ఎంత వాలింది అన్న రెండూ కావాలి. మొదలయ్యే చోటు అద్దాలు, గాజు, పూత ఎంత మంచివో చెబుతుంది. వాలు గొట్టం ఎంత వేడి పోగొట్టుకుంటుందో చెబుతుంది. అమ్మేవాడి కాగితంలో ఒక్క శాతమే కనబడితే అది చాలావరకు గీత మొదటి చివర, అంటే ద్రవం చల్లగా ఉన్నప్పటి అంకె. 180 డిగ్రీల ఆవిరి కావాల్సినవాడికి ఆ అంకెతో పని లేదు.

పోయిన వేడి ఎటు పోయింది?

మంచి పరీక్ష దక్షత చెప్పి ఆగదు. పోయిన వేడి ఎటు పోయిందో కూడా చెబుతుంది. దీనికి ఉపాయం తేలికైనదే. ద్రవాన్ని చుట్టూ ఉన్న గాలి వేడికి దగ్గరగా ఉంచి పరీక్షిస్తే గొట్టం నుంచి గాలిలోకి పోయే వేడి దాదాపు సున్నా. అప్పుడు తగ్గిందంతా వెలుతురు దగ్గర తగ్గినట్టే. అద్దం మింగేసింది కొంత, గాజు ఆపేసింది కొంత, గొట్టానికి తగలకుండా పక్కకు పోయింది కొంత. రెండో పరీక్షలో ఎండ లేకుండా వేడి ద్రవాన్ని తిప్పి, అది ఎంత చల్లబడిందో చూస్తారు. ఇది ఒక్క ఉష్ణ నష్టం లెక్కే.

అమెరికాలోని కొలరాడోలో ఉన్న ఎన్‌ఆర్‌ఈఎల్ ప్రయోగశాలవాళ్లు ఈ రెండో పరీక్షను ఇంకా శుభ్రంగా చేశారు. ఎండా లేదు, నూనే లేదు. గొట్టం లోపల కరెంటు హీటర్లు పెట్టి, గొట్టాన్ని కావలసిన వేడి దగ్గర నిలకడగా ఉంచారు. నిలకడగా ఉంచడానికి ఎన్ని వాట్లు ఇవ్వాల్సి వస్తే అన్ని వాట్లు గొట్టం పోగొట్టుకుంటున్నట్టు. 2008 నాటి షాట్ కంపెనీ గొట్టానికి 200 డిగ్రీల వద్ద మీటరుకు 40 వాట్ల లోపే వచ్చింది. 350 డిగ్రీల వద్ద 150 వాట్ల చేరువకు వెళ్లింది. వేడి రెట్టింపు కూడా కాలేదు, నష్టం దాదాపు నాలుగు రెట్లయింది. శూన్యం ఉన్న గొట్టం నుంచి వేడి ముఖ్యంగా కిరణాల రూపంలోనే పోతుంది. ఆ నష్టం పరమ ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో పెరగడమే దీనికి కారణం. నడినెత్తి ఎండలో 5 మీటర్ల వెడల్పు ట్రఫ్ మీటరు పొడవుకు 4,500 వాట్లు పట్టుకుంటున్నప్పుడు 150 వాట్లు పోవడం లెక్కలోకి రాదు. సాయంత్రం ఎండ వాలి 1,500కు పడిపోయినప్పుడు మాత్రం పట్టిన దాంట్లో పదో వంతు అదే తినేస్తుంది. మధ్యాహ్నం దక్షతను రోజంతటికీ అంటగట్టకూడదనేది ఇందుకే.

ఖరీదైన ప్రయోగశాల లేకుండా ఇదే పని చేసే దారి మన దేశంలోనే చూపించారు. ఢిల్లీ ఐఐటీకి చెందిన ఎస్.సి. ముల్లిక్, టి.సి. కాండ్‌పాల్, వారి సహచరులు 1991లో డిష్ కుక్కర్లకు ఒక పరీక్ష పద్ధతి ప్రచురించారు. రెండే భాగాలు. కుండలో నీళ్లు పోసి ఎండలో వేడి చేయడం ఒకటి. వేడెక్కిన కుండను అక్కడే ఉంచి, అద్దానికి నీడ పట్టి, నీళ్లు చల్లబడే తీరు చూడటం రెండోది. జూనియర్ కాలేజీ పిల్లలు కూడా చేయగలరు. లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం.

1.4 మీటర్ల అడ్డుకొలత డిష్. వైశాల్యం 1.54 చదరపు మీటర్లు. సూటి ఎండ 700 వాట్లయితే డిష్ మీద పడేది సుమారు 1,080 వాట్లు. ఐదు లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు రావడానికి 50 నిమిషాలు పట్టిందనుకుందాం. నీళ్లలోకి చేరిన వేడి 1,256 కిలోజౌళ్లు, సగటున 420 వాట్లు. దక్షత 39 శాతం. ఇప్పుడు అద్దానికి నీడ పట్టాం. 90 నుంచి 80 డిగ్రీలకు దిగడానికి 20 నిమిషాలు పట్టింది. అంటే 85 డిగ్రీల దగ్గర కుండ 174 వాట్లు పోగొట్టుకుంటోంది. గాలి 35 డిగ్రీలుంటే తేడా 50 డిగ్రీలు, కాబట్టి డిగ్రీకి మూడున్నర వాట్లు. వేడెక్కుతున్నప్పుడు నీళ్ల సగటు వేడి 60 డిగ్రీలు, గాలితో తేడా 25. అప్పుడు పోయింది 87 వాట్లు. దీన్ని 420కి కలిపితే కుండకు నిజంగా అందిన వేడి 507 వాట్లు, పడిన ఎండలో 47 శాతం. ఇక్కడ విషయం తేటతెల్లమవుతుంది. పోయిన దాంట్లో పెద్ద వాటా కుండ దగ్గర పోలేదు, వెలుతురు కుండలోకి చేరకముందే పోయింది. కుండకు గాజు తొడుగు పెట్టడానికి డబ్బు ఖర్చు చేసేముందు అద్దాలు తుడవాలి, కుండ అడుగు నల్లగా ఉందో లేదో చూడాలి, డిష్ గురి సరిచేయాలి. కుండ లోహం తాగే వేడిని కూడా లెక్కలో వేస్తే అంకెలు కొద్దిగా మారతాయి, దిశ మారదు.

గురి అన్నాను కాబట్టి దాని గురించి ఇంకొంచెం. అద్దం ఒక డిగ్రీ పక్కకు తిరిగితే, దాని నుంచి తిరిగే కిరణం రెండు డిగ్రీలు పక్కకు పోతుంది. అద్దం నుంచి గొట్టం రెండు మీటర్ల దూరంలో ఉంటే ఆ రెండు డిగ్రీలు 7 సెంటీమీటర్లవుతాయి. ఎల్ఎస్-2 గొట్టం మొత్తం వెడల్పు అంతే. అంటే నడిమికి పడాల్సిన వెలుతురు గొట్టాన్ని అసలు తాకకుండా పోతుంది. ఇందులో సగం తప్పు జరిగినా వెలుతురులో పెద్ద భాగం పోతుంది. కంటికి అద్దాలన్నీ తళతళలాడుతూనే ఉంటాయి, ఏ లోపం కనబడదు. అందుకే దక్షత పరీక్షకు ముందు అద్దాల వంపును, గురిని విడిగా పరీక్షించాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా వేడి కొలిస్తే తక్కువ అంకె వస్తుంది, ఎందుకొచ్చిందో మాత్రం తెలియదు.

ట్రఫ్‌కు ఇంకొక ఇబ్బంది. అది ఒక ఇరుసు మీదే తిరుగుతుంది. అందువల్ల సూర్యుడు దానికి నిటారుగా ఉండే సమయం తక్కువ, పొడవు వెంట ఏటవాలుగా చూసే సమయమే ఎక్కువ. అలాంటప్పుడు గొట్టం ఒక చివర వెలుతురు పడదు, ఇంకో చివర వెలుతురు గొట్టం దాటిపోతుంది. శాండియావాళ్లు కలెక్టర్‌ను గుండ్రంగా తిరిగే వేదిక మీద నిలబెట్టారు. ఏ కోణం కావాలంటే ఆ కోణంలో తిప్పి, ఒక్కో కోణానికి దక్షత ఎంత తగ్గుతుందో కొలిచారు. 60 డిగ్రీల ఏటవాలులో లెక్కప్రకారం సగం ఎండ అందాలి. వాళ్ల కొలతల్లో అంతకంటే బాగా తక్కువే వచ్చింది. ఈ కోణాల పట్టిక లేకుండా ఒక ఊళ్లో సంవత్సరానికి ఎంత వేడి వస్తుందో అంచనా కట్టలేం.

ఆవిరితో వచ్చే చిక్కు

మన దేశంలో డిష్‌లు ఎక్కువగా వంటశాలల్లో ఉన్నాయి. అక్కడ కావలసింది ఆవిరి. ఏఎస్‌టీఎం ఈ905 పద్ధతి, ద్రవం ఆవిరిగా మారే కలెక్టర్లకు తాను సరిపోకపోవచ్చని ముందే చెబుతుంది. కారణం తేలిగ్గానే తెలుస్తుంది. నీరు మరుగుతున్నప్పుడు ఎంత వేడి ఇచ్చినా ఉష్ణోగ్రత పెరగదు. లోపలికి వెళ్లే ద్రవం వేడికీ బయటికొచ్చే ద్రవం వేడికీ తేడా చూసే పద్ధతి అక్కడ మూగబోతుంది. అప్పుడు ఎన్ని కిలోల నీరు లోపలికి వెళ్లింది, ఎంత ఆవిరైంది అని తూకం వేయాలి.

ఈ తూకంలోనే పెద్ద మోసం జరగడానికి వీలుంది, చాలాసార్లు చేసేవాళ్లకు తెలియకుండానే. ఆవిరితో పాటు సన్నని నీటి తుంపర్లు కొట్టుకొస్తాయి. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లు దీన్ని తడి ఆవిరి అంటారు. ట్యాంకులో నీళ్లు ఎంత తగ్గాయో చూసి అంతా ఆవిరైందని రాసుకుంటే, మరగని నీటిని కూడా ఆవిరి ఖాతాలో వేసినట్టవుతుంది. 180 డిగ్రీల దగ్గర కిలో నీటిని ఆవిరి చేయడానికే సుమారు 2,000 కిలోజౌళ్లు కావాలి. తుంపరగా పోయిన కిలో నీరు ఆ 2,000 తాగలేదు. పదింట ఒక వంతు తుంపర కలిసిందంటే కాగితం మీద దక్షత ఎనిమిది శాతం దాకా ఉబ్బుతుంది. ఆవిరిని చల్లటి నీళ్లలోకి పంపి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూడటం ఇంతకంటే నమ్మదగిన పద్ధతి. తుంపర ఉంటే నీళ్లు తక్కువ వేడెక్కుతాయి, దాచడానికి వీలుండదు. లేదా ఒత్తిడి పెంచి నీటిని మరగనివ్వకుండా వేడి నీటితోనే కలెక్టర్‌ను పరీక్షించి, ఆ గీతను బట్టి ఆవిరి లెక్క కట్టవచ్చు. గురుగ్రామ్ దగ్గర గ్వాల్ పహాడీలోని జాతీయ సౌరశక్తి సంస్థలోనూ, పుణె విశ్వవిద్యాలయంలోనూ కేంద్రీకరణ కలెక్టర్లను పరీక్షించే కేంద్రాలు ఏర్పడ్డాయి. పెద్ద మొత్తం పెట్టే సంస్థలు అలాంటి చోటి నివేదికను అడిగి తీసుకోవాలి.

పరీక్షశాల దాటాక

పరీక్ష రోజున అద్దాలు కడిగి ఉంటాయి. ఊళ్లో అలా ఉండవు. మామూలు సోలార్ పలకకు దుమ్ము ఒకసారే అడ్డం. అద్దానికి రెండుసార్లు, కిరణం వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ. పైగా దుమ్ము చెదరగొట్టిన వెలుతురు పలకలోకి కొంత చేరుతుంది, డిష్ నాభికి మాత్రం చేరదు. రాయలసీమ వేసవిలో ఎన్ని రోజులకోసారి కడుగుతారన్నది దక్షత అంకెకు పక్కనే రాయాల్సిన విషయం.

ఎండ లెక్క విషయంలో దేశం ఒకసారి గట్టి పాఠమే నేర్చుకుంది. జాతీయ సోలార్ మిషన్ తొలి దశలో, 2010 చివర, ఏడు సోలార్ థర్మల్ విద్యుత్ కేంద్రాలకు 470 మెగావాట్లు కేటాయించారు. అప్పటికి చాలాచోట్ల సూటి ఎండను నేల మీద ఏళ్ల తరబడి కొలిచిన లెక్కలు లేవు, ఉపగ్రహ చిత్రాలను బట్టి వేసిన అంచనాలే ఆధారం. 2011లో చెన్నైలోని కేంద్ర సంస్థ ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా 51 కొలత స్టేషన్లు పెట్టాక, గాలిలోని దుమ్ము ధూళి వల్ల సూటి ఎండ కొన్ని ప్రాంతాల్లో అనుకున్నంత లేదని బయటపడింది. ఏడింట్లో గ్రిడ్‌కు చేరినవి మూడే. దీనికి డబ్బు, దిగుమతులు, పడిపోతున్న ఫొటోవోల్టాయిక్ పలకల ధరలు, ఇలా ఇతర కారణాలూ ఉన్నాయి. పూర్తయిన మూడింట్లో ఒకటి మన అనంతపురం జిల్లా నాగలాపురంలో మేఘా సంస్థ కట్టిన 50 మెగావాట్ల కేంద్రం. 2014లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులోనివి ట్రఫ్ అద్దాలే.

ఇలాంటి కేంద్రాల్లో గొట్టాల పరీక్ష కట్టడంతో పూర్తి కాదు. ఏళ్ల తరబడి 390 డిగ్రీల దగ్గర తిరిగే నూనె నెమ్మదిగా విచ్ఛిన్నమై హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. హైడ్రోజన్ పరమాణువు ఎంత చిన్నదంటే ఉక్కు గోడ గుండా కూడా దూరి శూన్యంలోకి చేరుతుంది. దాన్ని పీల్చుకోవడానికి గొట్టం లోపల గెటర్ అనే పదార్థం పెడతారు. అది నిండిపోయాక శూన్యంలో హైడ్రోజన్ పేరుకుంటుంది, వేడిని గాజు దాకా మోసుకొస్తుంది. బయటి నుంచి చూస్తే గొట్టం మునుపటిలాగే ఉంటుంది. వేడిని చూసే కెమెరాను బండి మీద పెట్టుకుని వరసల వెంట పోతే, మంచి గొట్టాల గాజు చల్లగానూ, పాడైనవి వాటికంటే బాగా వేడిగానూ కనబడతాయి. వేల గొట్టాల్లో ఏది మార్చాలో, ఏది ఇంకొన్నాళ్లు ఆగుతుందో ఆ చిత్రాలను చూసి నిర్ణయిస్తారు.